పగులు మీద గాజు

మా ఆఫీసు పక్కన మళ్ళీ ఏదో కడుతున్నారు. ఈ హైటెక్ సిటీలో పక్కన ఏదీ కట్టకుండా ఖాళీగా ఉన్న ఆఫీసు కనబడితే దానికేదో వాస్తు దోషం ఉందని అనుమానించాలి. మధ్యాహ్నం భోజనాలకి ముందు విజిల్ వేస్తారు, ఎర్ర జెండా ఊపుతారు, తర్వాత భూమి లోపల్నుంచి ధబ్బుమని ఒక మోత. బండ పేలుస్తున్నారన్నమాట. మొన్న అలా పేలినప్పుడు మీటింగులో ఉన్నాం. తెర మీద ఉన్న విదేశీ క్లయింటు, "అక్కడ ఉరుముతోందా?" అని అడిగాడు. "అవునండీ, వర్షాకాలం" అన్నాడు మా మేనేజరు, కిటికీలోంచి ఎర్రటి ఎండలోకి చూస్తూ. అందరూ నవ్వారు. నేను మాత్రం గ్లాసులో వణుకుతున్న నీళ్ళని చూస్తున్నాను. మీటింగు అయ్యాక గోడ దగ్గరికి వెళ్ళాను. ఎక్కడా గీత లేదు. లేదని కళ్ళు చెప్పినా నమ్మకం చాలక చూపుడు వేలితో నిలువునా తడిమాను.

"ఏంటి బాస్, గోడకి నాడి చూస్తున్నావా?" అన్నాడు పక్క సీటతను.

ఆ తడమడం నాకు సార్ నుంచి వచ్చింది.

సార్‌కి పేరు లేకపోలేదు. తలుపు పక్కన ఇత్తడి పలక మీద డిగ్రీలతో సహా ఉండేది. కానీ ప్రగతి నగర్ చెరువుకి దగ్గర్లో ఉన్న మా అపార్టుమెంటులో సార్ అంటే ఆయనొక్కరే. ఆఫీసుల్లో పైవాళ్ళని కూడా పేర్లు పెట్టి పిలవాల్సిన ఉద్యోగాలు మావి. ఇంటికొచ్చాక సార్ అనడానికి ఒక మనిషి దొరకడం మాకూ హాయిగానే ఉండేది. కరీంనగర్ దిక్కున ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయనతో పాటు అక్కడ ఆ సబ్జెక్టు కూడా రిటైరయింది. "నా ఎన్కనే తలుపు ఏసిండ్రయ్యా, ఉన్న కాస్త గాలి కూడ రావద్దని" అనేవారు.

మేము కొత్తగా దిగిన రోజుల్లో లిఫ్టు దగ్గర మొదటిసారి కలిశాం. తలుపు తెరుచుకుంది. ఫోను చూసుకుంటూ నేను అడుగు వెయ్యబోతే, ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపి, వంగి, లోపల నేల ఉందో లేదో చూసి, అప్పుడు వదిలారు.

"తలుపు తెరుసుకుంటే లోపట లిఫ్టు ఉంటదని నీకెట్ల తెల్సు?"

"ఉంటుంది కదండీ."

"అదే అడుగుతున్న. చూస్తే తెల్సిందా, సోంచాయిస్తే తెల్సిందా?"

నేను తణుకు వాణ్ణి. సోంచాయించడం ఏమిటో తెలియదు. ఆలోచించడం అని తర్వాత తెలిసింది. అది నాకు చూస్తే తెలిసింది కాదు, ఆలోచిస్తే తెలిసిందీ కాదు, సార్ వాళ్ళావిడని అడిగితే తెలిసింది. ఆ మాటే సార్‌తో అంటే ఎంత సంతోషించారో! "అరె, మూడో తొవ్వ పట్టినవ్!" అని అప్పటికప్పుడు టీ తాగించారు. టీ గ్లాసుని కూడా ఆయన ముందుగా వేలి వెనక భాగంతో తాకి చూసేవారు. ఎదురుగా పొగలు కనబడుతున్నా సరే.

ఎవరు ఏది తెలుసన్నా ఆయన ప్రశ్న అదే. కూరగాయల బండి దగ్గర వంకాయలు లేతవంటే అదే. అసోసియేషన్ సెక్రటరీ గారు నీళ్ళ ట్యాంకరు వస్తుందంటే అదే. ఒకసారి ఆ సెక్రటరీ గారే, "సార్, కాలేజీలో మీరు ఏం చెప్పేవారండీ?" అని అడిగితే, "హేతువాదం, అనుభవవాదం" అన్నారట. మొదటి మాట వినగానే ఈయన దేవుడు లేడనే మనిషని తేల్చేసి, వినాయక చవితి కమిటీలోంచి ఆయన పేరు తీసేశారు. పూజ రోజున సార్ అందరికన్నా ముందు వచ్చి కూర్చుని, లడ్డూ తింటూ, "నేను చెప్పిన హేతువాదులు దేవుడు ఉన్నడని లెక్క గట్టి మరీ నిరూపించిండ్రయ్యా, ఇంకో లడ్డు పెట్టు" అన్నారు.

సెల్లార్లో డ్రైవర్లతో పచ్చీసు ఆడుతూ ఆయన చెప్పే పాఠం నాకు చాలా భాగం అక్కడే ఒంటబట్టింది. కాలేజీలో క్లాసుని రెండు సగాలు చేసేవారట. బల్ల మీద మూతపెట్టిన చాకుపీసుల డబ్బా. ఒక సగం కళ్ళు మూసుకుని, ఆలోచించి మాత్రమే లోపలేముందో చెప్పాలి. రెండో సగం ఆలోచన మాట ఎత్తకుండా, ఊపి, తట్టి, వాసన చూసి చెప్పాలి. రెండు పక్షాలూ గొంతులు చించుకుంటున్నప్పుడు ఉన్నట్టుండి అటువాళ్ళని ఇటు, ఇటువాళ్ళని అటు మార్చేవారట.

"ఎందుకు సార్?"

"హేతువాదికి, అనుభవవాదికి మధ్యల గోడ వాళ్ళు కట్టుకున్నది కాదు. తర్వాత పాఠపుస్తకాలు రాసినోళ్ళు కట్టిండ్రు. కండ్లు మూసుకొని అన్నిటినీ అనుమానించిన ఫ్రెంచాయన కసాయి దగ్గర గుండెకాయలు తెచ్చుకొని కోసి చూసిండు. పుట్టినప్పుడు మనసు తెల్ల కాయితం, అంతా బయటికెల్లి రావాల్సిందే అన్న ఇంగ్లీషాయన, దేవుడున్నడని మాత్రం ఉత్త తర్కంతోని చెప్పిండు. ఇద్దరికీ ఒక్కటే బుగులు."

"బుగులంటే?"

"భయం. లోపట గుబగుబ. మోసపోతమేమో అని. ఒకాయన కండ్లు మోసం చేస్తయని భయపడ్డడు, ఇంకొకాయన బుర్ర మోసం చేస్తదని భయపడ్డడు. మందు యేరు, రోగం ఒకటే."

"తర్వాత ఒక జర్మన్ ఆయన వచ్చి ఇద్దరినీ కలిపాడటగా?" అన్నాను, ముందురోజు ఫోన్లో చదివిన తెలివితో.

"పెండ్లి చేసిండు అంటరు. పెండ్లి చేస్తె పంచాయితీ ఒడుస్తదా?" అన్నారు సార్. ఆడుతున్న డ్రైవర్లలో ఒకాయన, "ఒడువది సార్, అప్పుడే షురువైతది" అని గవ్వలు విసిరాడు.

పక్క ఖాళీ స్థలంలో టవరు మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ఆకాశంలోకి ఎంత లేవాలో భూమిలోకి అంత దిగాలి కాబోలు, సెల్లారు కింద సెల్లారు తవ్వారు. విజిలు, జెండా, ధబ్బు. మా వంటింట్లో గిన్నెలు ఒకదానితో ఒకటి ఏదో చెప్పుకునేవి. నెలల పాప ఉలిక్కిపడి ఏడ్చేది. ఒక ఉదయం సెల్లార్లో మెట్ల పక్క గోడ మీద, స్తంభాన్ని ఆనుకుని, వెంట్రుకంత పగులు కనిపించింది. అప్పటినుంచి నాకు పగలు పగులు, రాత్రి దిగులు. ఈ మాట సార్‌తో అంటే మూడోది తగిలించారు. "పగులు, దిగులు, బుగులు. ఇగ ప్రాస కుదిరింది. ఇల్లు కూలినా పర్వాలే."

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

సెక్రటరీ గారు పోట్లాడి ఆ టవరు వాళ్ళ ఇంజనీరుని రప్పించారు. కుర్రాడు మర్యాదస్థుడు. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల బొమ్మలు చూపించాడు. "సార్, లెక్క ప్రకారం ఈ గోడ మీద బరువే పడదు. బరువంతా స్తంభాలది. ఇది పై పూత పగులు, అంతే."

సార్ పగులు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాశారు. "లెక్క బాగున్నది బిడ్డా. గోడ సదివిందా?"

"గోడ ఎలా చదువుతుంది సార్?"

"అందుకే మనం గోడను సదవాలె."

నేను ఇంజనీరు పక్షం. కోడు రాసేవాణ్ణి, గోడ చదివేవాణ్ణి కాను. తర్కం తప్పు కాకపోతే ఫలితం తప్పు కాదని నమ్మడం మీదే నా జీతం నడుస్తుంది. అయినా ఆ రోజు లెక్కంతా విని, ఒప్పుకుని, తలూపి, ఇంటికెళ్ళి పాప ఉయ్యాలని స్తంభం వైపు నుంచి కిటికీ వైపుకి మార్చాను. మా ఆవిడ చూసి, "లెక్క ప్రకారమేనా?" అంది.

మర్నాడు సార్ ఒక అట్టపెట్టెతో దిగారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన స్నేహితుడు ఇచ్చిన గాజు పలకలట, మైక్రోస్కోపు కింద పెట్టేవి. ఒకదాన్ని పగులుకి అడ్డంగా, రెండు కొసలూ అటూ ఇటూ అతుక్కునేలా సిమెంటుతో అంటించారు. గాజు సాగదు, వంగదు. పగులు ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుంది. పాత మేస్త్రీలంతా చేసేదేనట. ఇక రోజూ పొద్దున పాలప్యాకెట్టు తీసుకోవడానికి ముందు సార్ సెల్లార్లోకి దిగి గాజు చూసి రావడం మొదలైంది. ఆ అడుగుల చప్పుడు తిరిగి పైకి మామూలుగా వెళ్తే ఆ పూటకి మేమంతా బతికినట్టే.

ఒక పొద్దున చప్పుడు ఆగిపోయింది. గాజు విరిగింది.

అపార్టుమెంటంతా సెల్లార్లో చేరింది. నేను పాపని ఎత్తుకునే దిగాను. ఇప్పటికిప్పుడు ఖాళీ చెయ్యాలని ఒకరు, టీవీ వాళ్ళని పిలవాలని ఇంకొకరు.

"జర ఆగుండ్రి" అన్నారు సార్. "గాజు పలిగిందని గాజు చెప్తున్నది. ఎందుకు పలిగిందో చెప్తలేదు. పగులు కదిలిందా, పేలుడుకు అదిరిందా, సిమెంటు ఎండి గుంజుకున్నదా? చూసుడు అయిపోయింది. ఇగ సోంచాయించుడు మన పని."

ఆయన సోంచాయించి రెండు గాజులు అంటించారు. ఒకటి మళ్ళీ పగులు మీద. రెండోది అదే సిమెంటుతో, అదే ఎత్తులో, పగులు లేని మంచి గోడ మీద. పగులు మీదది ఒక్కటే విరిగితే పగులు కదులుతున్నట్టు. రెండూ విరిగితే పేలుడు అదురో, సిమెంటు గుంజుకోవడమో. నాకు భలే నచ్చింది. కళ్ళు మూసుకున్న పక్షం, తెరిచిన పక్షం ఒకే గోడకి అతుక్కున్నాయి. "ఇది మాత్రం తిరుగులేని పరీక్ష సార్" అన్నాను.

కొన్నాళ్ళకి మంచి గోడ మీది గాజు విరిగింది. పగులు మీదది నిక్షేపంగా ఉంది.

అలా జరగొచ్చని మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు. మంచి గోడ కూడా మంచిది కాదా? అక్కడ కనబడని పగులేదో ఉందా? ఎవరి సైకిలైనా తగిలిందా? అడిగితే అందరూ లేదన్నారు. ఎందుకు విరిగిందో ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం సార్ మా ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను ఒక కారణం చెప్తే ఆయన దాన్ని కొట్టేస్తున్నారు, ఆయన ఒకటి చెప్తే నేను. మా ఆవిడ పాపని ఆయన ఒళ్ళో పడుకోబెట్టి ఎదురుగా నిలబడింది.

"సార్, మీ ఇద్దరి వాదం తేలేలోపు దీనికి నడకొస్తుంది. ఒక్క మాట చెప్పండి. ఉండమంటారా, వెళ్ళమంటారా?"

పాప ఆయన చూపుడు వేలు పట్టుకుంది. గోడలు తడిమే వేలు. ఆయన దాన్ని విడిపించుకోలేదు.

"నాకు తెల్వదమ్మా" అన్నారు. "మనిషికి ఏదన్న ఎట్ల తెలుస్తది అని జిందగంత పిల్లలకు చెప్పిన. గిప్పుడు నువ్వు అడిగితే తెల్వదు."

ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పాపని మా ఆవిడకి అందిస్తూ, "తెల్వనప్పుడు చంటిపిల్ల ఉన్నోళ్ళు పోవాలె. దానికి ఏ వాదం అక్కర్లే" అన్నారు.

"మరి మీరు?"

"ఎవరన్న ఒకరు చూస్తుండాలె గద."

గుమ్మంలో నిలబడ్డ ఆంటీ, అంటే వాళ్ళావిడ, "ఆయనకు గోడను చూసుడు, నాకు ఆయన్ను చూసుడు. ఎవరి డ్యూటీ వాళ్ళది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి బిడ్డా" అంది.

మేము బాచుపల్లిలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని వెళ్ళిపోయాం. మర్నాటి నుంచి పొద్దున్నే ఫోనుకి ఒక ఫోటో వచ్చేది. పగులు, దాని మీద గాజు, గాజులో మసకగా సార్ ముఖం. కింద ఒకటే మాట: "ఉన్నది." నేను ఊరుకోలేక, "నిన్న ఉంది, ఇవాళ ఉంది. దాన్నిబట్టి రేపు ఉంటుందని ఎలా అంటాం సార్?" అని పంపేవాణ్ణి. "రేపటి ఫోటో రేపు" అని జవాబొచ్చేది. ఆ ఫోటో చూశాకే మా ఇంట్లో పాలు పొయ్యెక్కేవి.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. ఇద్దరం సెల్లార్లోకి వెళ్దామని లేచాం. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లు దిగుతున్నప్పుడు, మళ్ళీ ఎక్కుతున్నప్పుడు, ప్రతి మలుపులో సార్ ఆగి గోడ మీద చెయ్యి ఆన్చేవారు. ఎప్పటిలా వేలు కాదు, అరచెయ్యి మొత్తం.

"ఇక్కడ కూడా పగులేమైనా తగులుతోందా సార్?" అని అడిగాను కంగారుగా.

"చూస్తున్న" అన్నారు, కళ్ళు మూసుకుని.

నేను ఆయన చెయ్యి ఆన్చిన చోటల్లా టార్చి వేసి మరీ వెతికాను. ఏమీ కనబడలేదు.

పైకి వచ్చి కూర్చున్నాక చాలాసేపటికి మాట కలిపారు. తెల్ల కాయితం అన్న ఇంగ్లీషాయన పుస్తకం చదివి, హేతువాది అయిన ఒక జర్మన్ పండితుడు (పెళ్ళి చేసినాయన కాదు, ఇంకొకాయన) ఒక్కొక్క మాటకీ జవాబుగా ఇంకో పెద్ద పుస్తకం రాశాడట. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుగా. అది పూర్తవుతుండగా ఆ ఇంగ్లీషాయన పోయాడని తెలిసింది. తిరిగి జవాబు చెప్పలేని మనిషితో వాదం పెట్టుకోవడం మర్యాద కాదని అచ్చు వెయ్యకుండా పక్కన పెట్టేశాడట. తన జీవితకాలంలో అది బయటికే రాలేదు.

"చూడు, శత్రువులట!" అన్నారు సార్. "గంత శ్రద్ధగ మన మాట ఇనేటోడు మన పక్షంల దొర్కుతడా?"

ఇది రాస్తుంటే ఆ కథ నా చేతికి అడ్డం పడుతూనే ఉంది. ఆ జర్మన్ పెద్దమనిషికున్న మర్యాద నాకు లేదనుకోండి.

ఒక పొద్దున ఫోటో రాలేదు.

పాలు గట్టు మీదే ఉన్నాయి. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆంటీకి చేశాను, ఎత్తలేదు. మా ఆవిడ బండి తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. బాచుపల్లి రోడ్డంతా స్కూలు బస్సులు. వాటి మధ్య ఇరుక్కుని సోంచాయించాను. గాజు బాగుంటే ఫోటో వస్తుంది. ఫోటో రాలేదు. కాబట్టి గాజు బాగాలేదు. గాజు విరిగితే పగులు కదిలింది. ఫోన్ ఎత్తడం లేదు, కాబట్టి... ఒక్క మెట్టు కూడా తప్పు లేదు. ఆఫీసులో ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఆలోచించి ఉండను. చెరువు మలుపు తిరిగాను.

ఇల్లు నిలబడే ఉంది. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. నడిరోడ్డు మీద బండి ఆపి నవ్వాను. సెల్లార్లోకి పరిగెత్తి గాజు చూశాను. ఉంది. చిన్న గీత కూడా లేదు. వేలితో తడిమాను, చల్లగా ఉంది. "ఫోటో మర్చిపోతే ఇల్లు కూల్చేశాను సార్ నేను, తర్కంతోనే" అందామని, ఆ మాట నోట్లో పెట్టుకుని మెట్లెక్కాను. మలుపుల్లో ఆయన అరచెయ్యి ఆన్చిన చోట్లు ఒక్కొక్కటే దాటుకుంటూ. రెండో మలుపు దగ్గర ఆగాను. ఇక్కడే కళ్ళు మూసుకున్నారు. ఇక్కడ నేను గోడ మీద టార్చి వేశాను.

పై అంతస్తులో ఆయన గుమ్మం ముందు చెప్పులు. చాలా చెప్పులు, ఆడవీ మగవీ, జతలు తప్పి. తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నుంచి మాటలేమీ వినబడటం లేదు.

నేను ఇంకా ఏమీ చూడలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చూస్తే తెలిసిందా, సోంచాయిస్తే తెలిసిందా అని ఆయన గొంతు నా చెవి పక్కనే అడిగింది.

ఆంటీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. ఎప్పటిలాగే, "వచ్చినవా బిడ్డా" అంది. "పొద్దుగాల లేసిండు. ఫోటో తియ్యాలె అన్నడు. చెప్పులల్ల కాళ్ళు పెట్టిండు. గంతే."

నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"గాజు ఎట్లున్నది? పొయ్యేముందు ఆయనకు అదే రంది."

"ఉందండీ ఆంటీ."

"చూసినవా?"

"చూశానండీ" అన్నాను. "ఇప్పుడే చూసి వచ్చాను."